కోడి దాణాలో ఆరియోమైసిన్

జగిత్యాల, కోరుట్ల వైపు పండే మొక్కజొన్నలో చాలావరకు మనం తినం, కోళ్ళు తింటాయి. ఆ దాణాలో మందు కలపడం ఎక్కడ మొదలైందని వెతుక్కుంటూ పోతే చివరికి మన తెలుగాయన పనిచేసిన చోటే తేలాను!

యెల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి రాసేవాళ్ళంతా ఆరియోమైసిన్ దగ్గర చప్పట్లు కొట్టి ఆగిపోతారు. భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకి పెద్దగా ఉన్నారాయన. 1948లో అక్కణ్ణించే ఆ మందు బయటికొచ్చింది. గర్వపడాల్సిందే. ఐతే అది ఆసుపత్రి దాటి కోళ్ళఫారంలోకి ఎలా దూరిందో ఎవరూ రాయరు.

ఉత్త గింజల దాణాతో కోడిపిల్లలు సరిగ్గా ఎదిగేవి కావు. లోటు బి12 విటమిన్‌దని తేలింది. లెడర్లీలోనే పనిచేసే థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ చవకైన బి12 కోసం వెతుకుతూ, ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిని పిల్లలకి పెట్టారు. 1948 క్రిస్మస్ రోజున తూకం వేస్తే, కాలేయపు సారం తిన్నవాటికంటే పిప్పి తిన్నవే ఎక్కువ బరువు తూగాయి. పిప్పిలో బి12తో పాటు కాస్త మందు కూడా మిగిలిపోయింది మరి. సుబ్బారావు గారు అప్పటికే లేరు, ఆగస్టులోనే పోయారు. కాబట్టి ఈ పద్దు ఆయన ఖాతాలో రాయకండి.

1951లో అమెరికా ప్రభుత్వం దాణాలో యాంటీబయోటిక్స్‌కి అనుమతిచ్చేసింది. ఎందుకు పనిచేస్తుందో తెలీకుండానే వాడకంలోకి దించారన్నమాట (మా సాఫ్టువేర్ వాళ్ళకి ఈ జబ్బు కొత్తేం కాదు లెండి). 1960ల్లో, క్రిములే లేకుండా పెంచిన కోడిపిల్లలకి అలాంటి మందులు పెడితే ఎదుగుదల పెరగలేదు. అంటే కిటుకంతా పేగుల్లోని సూక్ష్మజీవుల దగ్గరే ఉంది. కోడి, పంది లాంటి నెమరు వెయ్యని జంతువుల పేగుల్లో ఈ క్రిములూ పంక్తిలో కూర్చుంటాయి. మందు పడితే కొన్ని లేచిపోతాయి, తిండి కోడికి మిగులుతుంది. చావనివి మాత్రం మొండికెక్కుతాయి. రేపు మనకి జబ్బు చేస్తే ఆ మందు వాటిమీద పనిచెయ్యదు.

బ్రిటన్‌లో స్వాన్ కమిటీ 1969లోనే ఈ మాట చెప్పింది. ఐరోపా సమాఖ్య బరువు పెంచడానికి యాంటీబయోటిక్స్ వాడటాన్ని పూర్తిగా ఆపింది 2006లో. మన దేశం 2019లో కొలిస్టిన్‌ని తిండికోసం పెంచే జంతువులకి నిషేధించింది. ఏ మందూ పనిచెయ్యని రోగులకి చివర్న వాడే మందది. దాన్ని అప్పటిదాకా కోళ్ళకి పెట్టనిచ్చారంటే ఏమనాలి?

ఇప్పుడు బదులుగా మంచి బాక్టీరియా, సేంద్రియ ఆమ్లాలు, పసుపు కలిపి చూస్తున్నారు. ఫలితాలు ఒక ఫారానికీ ఇంకోదానికీ పొంతన కుదరవు. పసుపు పండేదీ ఈ వైపే, పశువైద్య కళాశాల ఉన్నదీ కోరుట్లలోనే. సిరిసిల్లలో ఆదివారం చికెన్ కొట్టు ముందు నిలబడ్డవాడికి మాత్రం, ఆ కోడి ఏం తిని పెరిగిందో చెప్పే చీటీ ఇప్పటికీ లేదు.