బైబిలు అనువాదానికి డబ్బులు ఎవరిచ్చారు?



పుస్తకం చేతికొస్తే మనం ముందు చూసేది రచయిత పేరు. అనువాదమైతే అనువాదకుడి పేరు. ఆ మనిషి ఏళ్ళ తరబడి కూర్చుని రాస్తుంటే ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది, కాగితం ఎవరు కొన్నారు, పక్కన కూర్చుని తప్పులు దిద్దిన పండితుడికి నెల జీతం ఎవరిచ్చారు అని మాత్రం అడగం. ఇల్లు నడిపే మనకు మొదట తట్టవలసిన ప్రశ్న అదే కదండీ! ఈవేళ బైబిలు తెలుగులోకి వచ్చిన కథను ఆ ఖర్చుల పద్దు వైపు నుంచి చెప్పుకుందాం. ఎవరి మతం వారిది. ఇది మన భాష కథ, మన మదనపల్లి, పలమనేరు, తిరుపతి ప్రాంతాల కథ కూడాను.

ఈ కథలో ముందు చెప్పుకోవలసినవాడు బెంజమిన్ షుల్జ్. జర్మనీ దేశస్థుడు. 1719లో తరంగంబాడిలో దిగాడు. తర్వాత మద్రాసు చేరి తెలుగు నేర్చుకుని, 1730లలో బైబిలును తెలుగులోకి తెచ్చాడు. తీరా చూస్తే దాన్ని అచ్చువేయడానికి ఇక్కడ తెలుగు అచ్చు అక్షరాలే లేవు. 1743లో ఆయన స్వదేశం వెళ్ళిపోయాడు. ఇంకొకరైతే విశ్రాంతి తీసుకునేవారు. ఆయన మాత్రం హాలె అనే ఊళ్ళో కూర్చుని తెలుగు పని సాగించాడు. అక్కడే తెలుగు అక్షరాలు పోతపోయించి, 1746, 1747 సంవత్సరాల్లో చిన్న చిన్న మత గ్రంథాలు అచ్చువేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా చరిత్రకారులు చెప్పేవి అవే. మన అక్షరం మొదట అచ్చెక్కింది జర్మనీలో అంటే వింతగానే ఉంటుంది. ఆయన బైబిలు అనువాదం మాత్రం రాతప్రతిగానే ఉండిపోయింది.

మరి హాలెలో డబ్బు ఎక్కడిది? ఆ ఊళ్ళో ఫ్రాంకే అనే మతబోధకుడు 1690లలో ఒక అనాథాశ్రమం పెట్టాడు. దానికి మందుల దుకాణం, పుస్తకాల అంగడి, అచ్చాఫీసు ఉండేవి. మందులు అమ్మగా వచ్చిన లాభం ఆశ్రమం పనులకు వెళ్ళేది. మన దేశం నుంచి మిషనరీలు రాసిన ఉత్తరాలను 1710 నుంచి అక్కడ వరసగా అచ్చువేసేవారు. ఇక్కడి మనుషులు, మందులు, చెట్లు, ఆచారాలు అన్నీ ఆ ఉత్తరాల్లో ఉండేవి. చదివినవాళ్ళు చందాలు పంపేవారు. అంటే అనువాదకుడికి రెండు పనులన్నమాట. పగలు అనువాదం, రాత్రి దీపం దగ్గర చందాదారులకు ఉత్తరం. ఆ ఉత్తరాలు ఆగిపోతే కొన్నాళ్ళకు డబ్బూ ఆగిపోతుంది.

తర్వాత 1805లో విశాఖపట్నానికి క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషన్ వాళ్ళు వచ్చారు. వాళ్ళకు ఆనందరాయరు అనే పండితుడు సాయపడ్డాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. వాళ్ళు తయారుచేసిన మూడు సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. పుస్తకం చేతికొచ్చేనాటికి రాసినవాళ్ళిద్దరూ లేరు. తెలుగులో పూర్తి బైబిలు 1854లో గాని రాలేదు. షుల్జ్ నాటినుంచి లెక్కపెడితే నూరేళ్ళు దాటింది. ఇంతకాలం ఖర్చు భరించినవాళ్ళెవరు?

ఒక పెద్ద వాటా ఇంగ్లండులో 1804లో పుట్టిన బైబిలు సొసైటీది. దాని పుట్టుక వెనక ఒక ఆడపిల్ల కథ చెబుతారు. వేల్స్ దేశంలో మేరీ జోన్స్ అనే పేద పిల్ల ఆరేళ్ళపాటు చిల్లర కూడబెట్టి, 1800లో పాతిక మైళ్ళు నడిచి వెళ్ళి తన భాషలో ఒక బైబిలు కొనుక్కుంది. ఆ సంగతి విన్న పెద్దలకు, అందరికీ అందేలా పుస్తకాలు అచ్చువేయాలన్న ఆలోచన బలపడిందని అంటారు. ఆ సొసైటీకి గొప్పవాళ్ళ విరాళాలతోపాటు వారానికో పెన్నీ ఇచ్చే పేదల చందాలూ వచ్చేవి. గడపగడపకూ వెళ్ళి ఆ పెన్నీలు వసూలు చేసినవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో.

ఇక మన ప్రాంతానికి వద్దాం. అమెరికా నుంచి 1860లో వచ్చిన జేకబ్ చేంబర్లేన్ ఆర్కాటు మిషన్ వైద్యుడు. మొదట పలమనేరులో, 1863 నుంచి మదనపల్లిలో ఉన్నాడు. ఒకవైపు ఆసుపత్రి నడుపుతూనే, 1873 నుంచి 1894 వరకు తెలుగు పాత నిబంధన అనువాద సంఘానికి అధ్యక్షత వహించాడు. ఇరవై ఒక్క సంవత్సరాలండీ! పిల్లవాడు పుట్టి, పెరిగి, పెళ్ళికి ఎదిగేంత కాలం. అలాంటి పని ఒక్కరి బుర్రతో జరగదు. ఒక్కొక్క మాట మీద పలువురు కూర్చుని వాదించుకోవాలి. తెలుగు నుడికారం తెలిసిన మనిషి పక్కన ఉండాలి. ఆ రోజులన్నిటికీ తిండీ జీతమూ కావాలి.

ఆ డబ్బుకోసం చేంబర్లేన్ చేసిన ఉపాయం వింటే మీకు నవ్వొస్తుంది. సెలవు మీద అమెరికా వెళ్ళినప్పుడల్లా ఊరూరా ఉపన్యాసాలిచ్చేవాడు, చిన్న పుస్తకాలు రాసేవాడు. అందులో ఒకదాని పేరుకు తెలుగు ‘చక్రాల మీద కొబ్బరికాయలు కొట్టండి’. మన రథోత్సవాల్లో కదలని తేరుకు కొబ్బరికాయలు కొట్టి, అందరూ మోకులు పట్టుకుని ఒక్కసారిగా లాగుతారు కదా, ఆ దృశ్యాన్ని అక్కడివాళ్ళకు వర్ణించి, మీరూ అలా కలిసి లాగండి అని అడిగాడన్నమాట. మన తేరు అమెరికాలో చందాలు వసూలు చేసిపెట్టింది! మొరాయించే గుర్రం మీద చెప్పిన మరో కథ కూడా దానధర్మాల గురించే. 1880లలో ఆయన అక్కడ మూలధనం పోగుచేశాడు. దాని ఆసరాతో 1888లో పలమనేరులో బోధకుల విద్యాలయం మొదలైంది. అసలు ముట్టుకోకుండా వడ్డీతో గురువులకు జీతాలివ్వడం దాని పద్ధతి. బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేసుకున్న మనకు వేరే చెప్పాలా!

ఆ ఉపన్యాసాలు విన్నవాళ్ళలో గృహిణులు తక్కువేం కాదు. 1875లో ఆ సభకు చెందిన స్త్రీలు తమకంటూ ఒక విదేశీ మిషన్ సంఘం పెట్టుకున్నారు. వాళ్ళలో ఎక్కువమందికి సొంత సంపాదన లేదు. ఇంటి ఖర్చులో మిగిల్చిన సెంట్లు, చేత్తో కుట్టి అమ్మిన వస్తువులు, వాటి మీద వచ్చిందే. మదనపల్లి ఎక్కడుందో చూడని ఆ తల్లులు ఇక్కడి పనికి పొదుపు చేసి పంపారు. వాళ్ళ పేర్లు ఏ బైబిలు మొదటి పేజీలోనూ లేవు. పక్కన కూర్చుని మాటలు దిద్దిన మన పండితుల్లోనూ ఆనందరాయరులా పేరు నిలిచినవాళ్ళు కొద్దిమందే.

అయితే దూరపు డబ్బుకు ఒక చిక్కుంది. తిరుపతి, సూళ్ళూరుపేట, నాయుడుపేట ప్రాంతాల్లో 1865 నుంచి జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ పనిచేసేది. 1914లో ప్రపంచ యుద్ధం రాగానే జర్మనీ శత్రుదేశమైంది, రాబడి తెగిపోయింది. ఆ పని అమెరికాలోని ఒహాయో లూథరన్ సభ చేతికి వెళ్ళింది. ఎక్కడో ఫిరంగి పేలితే ఇక్కడి బడిపంతులు జీతం ఆగిపోయిందన్నమాట. 1945లో తిరుపతి కేంద్రంగా దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ఏర్పడ్డాక గాని ఆ పనికి ఇక్కడి పెద్దలే యజమానులు కాలేదు.

మిజోరాంలో స్త్రీలు ఈ చిక్కుకు వంటింట్లోనే జవాబు కనిపెట్టారు. 1910 నుంచి అక్కడ అన్నం వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం విడిగా తీసి పెట్టడం ఆచారమైంది. ఆ బియ్యం పోగుచేసి అమ్మి సంఘం పనులు నడిపారు. ఇంట్లోవాళ్ళు పస్తుండరు, విదేశం వైపు చూడనక్కరలేదు. మన తెలుగు సంఘాల్లోనూ ఈ పిడికెడు బియ్యం పద్ధతి ఉంది.

ఇప్పుడు ఉత్తరాల చోట కంప్యూటర్లు వచ్చాయి. 1942లో అమెరికాలో మొదలైన విక్లిఫ్ అనువాదకుల సంస్థలో పనిచేసేవాళ్ళు చాలామంది తమ ఖర్చుకు స్నేహితులనూ సంఘాలనూ నెలనెలా అడిగి తెచ్చుకుంటారు. స్వదేశం చేరినవాళ్ళు షుల్జ్ లాగే ఇంటినుంచే పని సాగించవచ్చు, రాతప్రతి ఓడెక్కనక్కరలేదు. మన దేశంలో విదేశీ విరాళాలకు 2010 నాటి చట్టం ఉంది, 2020లో దాన్ని ఇంకా బిగించారు. అందుచేత ఇక్కడి సంఘాలు సొంత చందాల మీదే ఎక్కువ ఆధారపడవలసి వస్తోంది.

ఈ కథలో మనం నేర్చుకునేదొకటుంది. గుడి కట్టినా, బడి పెట్టినా, పుస్తకం అచ్చువేసినా, శిలాఫలకం మీద పేరు ఒకరిది, లోపల పడిన పైసలు పదిమందివి. మీ వీధిలో, మీ సంఘంలో ఏ మంచిపనికైనా లెక్క రాసేటప్పుడు రూపాయి ఇచ్చిన ఇల్లాలి పేరు కూడా, ఫలానావారి భార్య అని కాకుండా, ఆమె సొంత పేరుతో రాయించండి. నూరేళ్ళ తర్వాత ఎవరైనా ఆ పుస్తకం విప్పితే ఆ పేరు కనిపిస్తుంది.