వారసత్వపు రివాల్వర్

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికాధికారుల నడుముకు వేలాడినది వెబ్లీ రివాల్వర్. 1915లో వచ్చిన దాని ఆరో నమూనా .455 తూటాలు పేల్చేది. చాలామంది అధికారులు రివాల్వర్‌ను సొంత డబ్బుతో కొనుక్కునేవారు కాబట్టి, కొలువు ముగిశాక అది వారి ఇంటికే చేరేది.

అలాంటి ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకునే విషయంలో, భారతదేశంలో 1878 ఆయుధాల చట్టం యూరోపియన్లకు లైసెన్సు నుంచి మినహాయింపునిచ్చి, సొంతగడ్డ మీద భారతీయుల్ని అర్జీదారులుగా నిలబెట్టింది. ఆ అవమానాన్ని కాంగ్రెస్ తన తొలినాళ్లలోనే నిరసించింది. 1959 చట్టం ఆ వివక్షను తుడిచేసినా లైసెన్సును ఉంచింది.

లైసెన్సుదారు మరణిస్తే ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. వారసుడు తన పేర లైసెన్సు పొందాకే అది తిరిగి ఇల్లు చేరుతుంది. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు అతని దగ్గరున్నా, అతను బతికుండగానే వారసుడు దరఖాస్తు చేసుకోవచ్చు. పాత సర్వీసు రివాల్వర్‌కు వచ్చే అసలు చిక్కు దాని తూటాతోనే. .380, .455 తూటాలు పేల్చేవి నిషిద్ధ శ్రేణిలోకి వస్తాయి. వాటికి కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి కావాలి. తాత గుర్తుగా దాచుకోవాలనుకునే కుటుంబానికి ఇది కఠినమైన నియమమే. 2019 సవరణ ఒక్కొక్కరికి అనుమతించే తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి.