సూరత్: ప్రాకారం వేసిన బాట

సూరత్‌లో కార్ల గమనాన్ని నేటికీ శాసిస్తున్నది ఎప్పుడో కూలిన ఒక గోడ. 1664లో శివాజీ దాడి తరువాత ఈ రేవుపట్టణానికి మట్టిగోడ స్థానంలో ఇటుక ప్రాకారం లేచింది. 18వ శతాబ్ది తొలినాళ్లలో శివారు పేటలను కలుపుకొంటూ ‘ఆలంపనా’ అనే రెండవ ప్రాకారం వెలసింది. అది తపతీ తీరాన మొదలై, అర్ధచంద్రాకారంగా సాగి, మళ్లీ ఆ తీరాన్నే చేరేది. శత్రువును నిలువరించడమే దాని లక్ష్యం గనుక బయటి దారులన్నీ కొద్దిపాటి ద్వారాల వద్దనే కలిసేవి.

ఆ ప్రాకారపు జాడలోనే రింగ్‌రోడ్డు ఏర్పడింది. సహారా దర్వాజా, ఉధ్నా దర్వాజా, మజూరా గేట్ నేడు కూడళ్ల పేర్లు. తలుపులు పోయినా బాటల కలయిక మారలేదు. ఊళ్లోంచి వచ్చే కారూ, ఊరిని చుట్టిపోయే కారూ అక్కడే ఎదురుపడతాయి. బట్టల టోకు మార్కెట్లు కూడా ఈ రోడ్డుపైనే వెలిశాయి. సరుకు బండ్ల రద్దీ వేరే చెప్పాలా!

1994 నాటి ప్లేగు అనంతరం, 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్. ఆర్. రావు ఆక్రమణలు తొలగించి వీధులను విస్తరింపజేశారు. దానివల్ల వీధులకు వెడల్పు వచ్చింది గాని, పాత కూడళ్లు కూడళ్లుగానే మిగిలాయి. తరువాత రింగ్‌రోడ్డుపై ఎత్తిన ఫ్లైఓవర్ సైతం ఆ పాత గోడ వంపునే అనుసరించింది.