ఎనిమిది తలల మనిషి ఎక్కడివాడు?

మన చిత్రకళ చరిత్ర రాసినవాళ్లు మనిషి బొమ్మ దగ్గరికి వచ్చేసరికి రెండు కథల్లో ఒకటి చెప్పి ముందుకు పోతారు. మొదటి కథలో పాతకాలపు చిత్రకారులకు శరీర నిర్మాణం తెలియదు. ఇంగ్లిషువాళ్లు బడులు పెట్టి నేర్పారు, రవివర్మ దారి చూపాడు, అప్పటి నుంచి బొమ్మలు మనుషుల్లా కనబడసాగాయి. రెండోది దానికి జవాబుగా పుట్టింది. మనవాళ్లు గీసింది ఆత్మను, వాళ్లకు ఎముకలూ కండలూ అక్కర్లేదు, కొలతలు వెతకడమే అజ్ఞానం అంటుందది. భీమ్‌గల్ లాంటి పసుపు పట్టణంలో బొమ్మలు నేర్చుకోవాలనుకునే పిల్లవాడి చెవిన ఈ రెండూ పడతాయి. అతని చెయ్యి కుదరడానికి రెండూ పనికిరావు. చరిత్రగా చూసినా రెండూ నిలవవని నాకు అనిపిస్తుంది.

తొలి దశలు అందరికీ తెలిసినవే. అమరావతి సున్నపురాతి పలకల మీద వీపు తిప్పినవాళ్లు, వంగినవాళ్లు, కిక్కిరిసిన గుంపులు. 1213 నాటి రామప్ప గుడి చూరు కింద పొడవాటి సన్నని మదనికలు. 16వ శతాబ్దపు లేపాక్షి కప్పు మీద పక్కకు తిరిగిన ముఖాలు. మా నిజామాబాద్ జిల్లాకు వస్తే డిచ్‌పల్లి రామాలయం ఉంది. ఇందూరు ఖజురహో అన్న పేరు దానికి మేలు కన్నా కీడే ఎక్కువ చేసింది. చూడవచ్చినవాళ్లు శృంగార శిల్పాలు వెతుక్కుని వెళ్లిపోతారు. బరువంతా ఒక కాలి మీద వేస్తే తుంటి ఎటు లేస్తుందో, భుజం ఎటు వాలుతుందో గుడిగోడలు చెక్కినవాళ్లకు బాగా తెలుసు. దాన్ని శరీర జ్ఞానం అనకపోతే మరేమనాలి?

ఇక శాస్త్రం. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం పురుషులను హంస, భద్ర, మాలవ్య, రుచక, శశక అని ఐదు రకాలు చేసి, వరసగా 108, 106, 104, 100, 90 అంగుళాల ఎత్తు చెప్పింది. ఈ అంగుళం టేపు మీది అంగుళం కాదు, బొమ్మలోపలి కొలత. పన్నెండు అంగుళాలు ఒక తాళం, ముఖం పొడవు ఒక తాళం. అందుకే 108 అంగుళాల మనిషి నవతాళం. దీన్ని చాలామంది తొమ్మిది తలల మనిషిగా చదివి, అంత పొడుగువాడు లోకంలో ఉండడు కాబట్టి శాస్త్రానికి వాస్తవంతో పని లేదని తేల్చేశారు. ఆత్మవాదులు అదే మాటను పొగడ్తగా వాడుకున్నారు.

లెక్క వేసి చూద్దాం. శుక్రనీతి చెప్పే పంపకంలో ముఖం 12, మెడ 4, మెడ నుంచి గుండె 12, గుండె నుంచి నాభి 12, నాభి నుంచి కటి కింది భాగం 12, తొడ 24, మోకాలు 4, పిక్క 24, పాదం 4. మొత్తం 108. ముఖం కొలిచేది నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం దాకా. నడినెత్తి అందులో లేదు. దానికి మరో 3 అంగుళాలు కలిపితే తల మొత్తం 15, మనిషి మొత్తం 111. భాగిస్తే 7.4 తలలు. పారిస్ వైద్యుడు పాల్ రిషే 19వ శతాబ్దం చివర మనుషుల కొలతల నుంచి తేల్చిన ప్రమాణం ఏడున్నర తలలు. ఇవాళ ప్రతి డ్రాయింగ్ క్లాసులో వినబడే ఎనిమిది తలల మనిషి, 1943లో ఆండ్రూ లూమిస్ తన పుస్తకంలో వాణిజ్య చిత్రకారులకు చూపిన ఆదర్శం. మామూలు మనిషి అంతకన్నా పొట్టి అని లూమిస్‌కే తెలుసు. ఊహాలోకంలో ఉన్నదని ఆరోపణ పడ్డ నవతాళమే నేల మీది మనిషికి దగ్గరగా ఉందన్నమాట.

అలాగని శాస్త్రాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. దేవతలకు దశతాళం వంటి వేరే లెక్కలున్నాయి. శిల్పులు ఏ లెక్కనైనా తు.చ. తప్పకుండా పాటించారని చెప్పలేం. రామప్ప మదనికలు నవతాళానికి ఒదగవు, చూరు కింద నిలబడి పైకి చూసే కంటి కోసం సాగినట్టుంటాయి. చిత్రసూత్రంలో నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది అంగుళాల పట్టిక కాదు, తొమ్మిది స్థానాల గురించీ క్షయవృద్ధి గురించీ చెప్పిన భాగం. ఒళ్లు తిరిగినప్పుడు ఏ అవయవం కురచవుతుందో, ఏది పెరిగినట్టు కనబడుతుందో ఆలోచించినవాళ్లు కళ్లు మూసుకుని గీసినవాళ్లు కారు. చేర్యాల నకాశీ పటాల్లో పెద్ద కళ్లు, కథను గుంపుకు దూరం నుంచి చూపించాల్సిన అవసరం నుంచి వచ్చాయి. అక్కడ కొలత వెతకడం అడగకూడని ప్రశ్న అడగడం.

మద్రాసులో 1850లో చిత్రకళా పాఠశాల పెట్టిన అలెగ్జాండర్ హంటర్ వృత్తిరీత్యా శస్త్రవైద్యుడు. అయినా ఇంగ్లిషువాళ్లు పెట్టిన అలాంటి బడుల ద్వారా మనకు అందింది శరీరం కాదు. లండన్ సౌత్ కెన్సింగ్టన్ పద్ధతిలో విద్యార్థి ముందు అచ్చు వేసిన గీతల నమూనాలు దిద్దాలి, తరవాత పలకలు, పాత్రలు, ఆపైన ప్లాస్టర్ పోతల బొమ్మలు. బతికున్న మనిషి ఆఖరి మెట్టు మీద ఉంటాడు. చాలామంది ఆ మెట్టు దాకా పోరు. 1894లో రవివర్మ ప్రెస్ మొదలయ్యాక ఆ అచ్చు పటాలు ఇంటింటి గోడకూ ఎక్కాయి, వాటిని చూసి దిద్దడమే విద్య అయింది. నకలుకు నకలు తీస్తూ పోతే ముందు చెడేవి చేతులూ పాదాలూ. మొదటి కథ చెప్పేవాళ్లు ఈ ముక్క దాటేస్తారు.

ఇక్కడి నుంచి దామెర్ల రామారావు దగ్గరికి రావాలి. నా వాదం నిలిచినా కూలినా ఇక్కడే. 1897లో రాజమహేంద్రవరంలో పుట్టి, 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయాడు. నిండా ఇరవై ఎనిమిదేళ్లు లేవు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన్ని గుర్తించి ప్రోత్సహించాడు, అజంతా ఆయన కళ్లు తెరిపించింది అని మన పుస్తకాలు చెబుతాయి. కొందరు ఆయన్ని బెంగాల్ పునరుజ్జీవనానికి తెలుగు కొమ్మగా లెక్కేస్తారు. కూల్డ్రే పాత్రను నేను తగ్గించను. కానీ ఆ బొమ్మల్లో ఆడవాళ్ల తుంటి, మోకాలు, మడమ చీర మడతల కింద ఉండవలసిన చోటే ఉన్నాయి. అది అజంతా నకలుతోనో, నీటిరంగుల మసకతోనో వచ్చేది కాదు. బొంబాయి జె.జె. స్కూల్లో నేర్చినవాడి చెయ్యి అది.

1919లో ఆ స్కూలుకు గ్లాడ్‌స్టన్ సాల్మన్ అధిపతిగా వచ్చి, బట్టలు లేని మోడల్‌ను ఎదుట పెట్టుకుని గీసే తరగతి మొదలుపెట్టాడు. అప్పట్లో అది చిన్న సాహసం కాదు. రామారావు అక్కడ చదివిన చివరి రోజులూ సాల్మన్ తొలి రోజులూ కలుస్తాయి. ఆ కలయిక ఎంతో కాలం లేదు, కాబట్టి అంతా సాల్మన్ చలవే అనడం అన్యాయం. అంతకుముందు సెసిల్ బర్న్స్ కాలం నాటి పోత బొమ్మల సాధన ఉంది, ఊళ్లో గోదావరి గట్టున గీసిన పెన్సిల్ గీతలున్నాయి. ఇన్ని మినహాయింపులు ఇచ్చాక కూడా నాకు మిగిలేది ఒకటే: ఎదుట మనిషిని కూర్చోబెట్టుకుని చూసే అలవాటు. ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’, ‘కార్తీక పౌర్ణమి’ చిత్రాల్లో రేఖ అజంతాదే, రంగు మెత్తనిదే. కానీ నిలబడ్డవాళ్లకు బరువుంది. రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో పూర్తయిన చిత్రాల కన్నా పెన్సిల్ గీతల దగ్గర ఎక్కువసేపు ఆగితే ఈ సంగతి తెలుస్తుంది. వరదా వెంకటరత్నం వంటి సహచరులు ఆ ఒరవడి నిలబెట్టడానికి పాటుపడ్డారు. తరవాతి అనుయాయుల్లో చాలామందికి మాత్రం రేఖ మిగిలింది, బరువు పోయింది. మోడల్ తరగతి లేని చోట బొమ్మ ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

బెంగాల్ వైపు నుంచి అవనీంద్రనాథ్ ఠాగూర్ 1914లో భారతీయ చిత్రకళలోని శరీర నిర్మాణం మీద చిన్న పుస్తకం తెచ్చారు. చేప లాంటి కన్ను, ఏనుగు తల లాంటి భుజం, డమరుకం లాంటి నడుము అంటూ బొమ్మలు వేసి చూపించారు. శాస్త్రం సంకెల కాకూడదని మొదటే హెచ్చరించారు కూడా. మనవాళ్లు ఉపమానాలు పుచ్చుకుని హెచ్చరిక వదిలేశారు.

నిజాం రాజ్యంలో దారి వేరు. 1914లో ఏర్పడ్డ పురావస్తు శాఖకు గులాం యజ్దానీ అధిపతి. అజంతా అప్పుడు ఆ రాజ్యంలోదే. ఆయన హయాంలో గుహల పరిరక్షణ, చిత్రాలకు నకళ్లు తీయించడం జరిగాయి. సయ్యద్ అహ్మద్ వంటివారు ఏళ్ల తరబడి ఆ గోడల ముందు కూర్చుని గీశారు. ఆ ప్రభావం మా పక్కనున్న నిర్మల్ నకాశీ పనికీ చేరి, నల్లని పలక మీద బంగారు రంగులో అజంతా స్త్రీలు తయారయ్యారు. నిర్మల్ పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ అది మనిషిని చూసి గీసింది కాదు, నకలు చూసి గీసింది. మా ప్రాంతానికి దగ్గరగా ఉన్న వృత్తి చిత్రకారుల చెయ్యి అలా ఒక అందమైన అచ్చులో బిగిసిపోయింది.

తరవాతి తరం గురించి అందరూ రాశారు కాబట్టి వేగంగా దాటుతాను. 1929లో మద్రాసు స్కూలుకు తొలి భారతీయ ప్రిన్సిపాల్‌గా వచ్చిన దేవీప్రసాద్ రాయ్‌చౌధురీ, మెరీనా బీచిలో 1959లో నిలిపిన శ్రామిక విగ్రహాల్లో పనిచేసే ఒళ్లు ఎలా బిగుస్తుందో చూపించారు. పాకాల తిరుమల్‌రెడ్డి జె.జె.లో, కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్‌లో చదివి వచ్చారు. కాపు రాజయ్య నకాశీ వైపు మళ్లారు. లక్ష్మాగౌడ్ ఒంటిని వంకర తిప్పితే ఎముక తెలిసినవాడు తిప్పినట్టు ఉంటుంది. వైకుంఠం బొమ్మల్లోని నిండు భుజాలు కరీంనగర్ పల్లెల్లో కళ్లారా చూసినవి. బాపు ఒక్క గీతలో నడుము తిరుగుడు పట్టేవాడు. బాపు బొమ్మను అనుకరించినవాళ్లకు ఆ గీత దొరికింది గానీ లోపలి వెన్నెముక దొరకలేదు. కొలత తెలిసి తప్పడానికీ, తెలియక తప్పడానికీ మధ్య తేడా పత్రికల అట్టల మీద దశాబ్దాలుగా కనబడుతూనే ఉంది.

ఇప్పటి పరిస్థితి నాకు నచ్చదు. తెలంగాణలో లోయర్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలు ఇంకా జరుగుతున్నాయి, సర్టిఫికెట్ కోసం పిల్లలు రాస్తున్నారు. క్లాసులో చూపించే చార్టులో మాత్రం ఎనిమిది గళ్లలో నిటారుగా నిలబడ్డ మనిషే ఉంటాడు. భీమ్‌గల్, ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు తవ్వే రోజుల్లో అలా నిలబడ్డవాళ్లు ఎందరు దొరుకుతారు? కొమ్మూ మండా వేరుచేసే ఆడవాళ్లు గొంతుకు కూర్చుని ఉంటారు. అప్పుడు మనిషి ఎత్తు, వీపు వంపును బట్టి, నాలుగు తలలకు అటూ ఇటూ. మోకాళ్లు చంకల దగ్గరికి వస్తాయి, తొడ కురచై పిక్కను కప్పేస్తుంది, ముంజేయి మాత్రం ముందుకు వచ్చి పొడవుగా కనబడుతుంది. క్షయవృద్ధి అంతా ఆ ఒక్క భంగిమలో ఉంది. చార్టులో దానికి గడి లేదు.

ఆ లోటు పూడ్చడానికి ఫోన్ వచ్చింది. ఫోటో తీసి, గళ్లు వేసి దిద్దితే కొలత తప్పదని పిల్లల నమ్మకం. ఎదురుగా నిలబడి కంటి ఎత్తులో, దగ్గర నుంచి తీసిన ఫోటోలో తల పెద్దదవుతుంది, కాళ్లు కిందికి సన్నబడి పాదాలు చిన్నవవుతాయి. ఈ మధ్య పెన్సిల్ పోర్ట్రెయిట్లలో, ఊరి గోడల మీది నాయకుల బొమ్మల్లో నేను తరచూ చూస్తున్న తప్పు ఇదే. పాత నకలు రాయుళ్ల తప్పు చేతుల్లో, పాదాల్లో బయటపడేది. ఈ తప్పు ఒళ్లంతా సమంగా పరుచుకుంటుంది కాబట్టి గీసినవాడికి కనబడదు. నాలుగడుగులు వెనక్కి వేసి, ఫోన్ నడుము ఎత్తుకు దించి తీస్తే చాలావరకు పోతుంది. ఆ చిన్న మాట చెప్పే మాస్టారు దొరకడమే కష్టంగా ఉంది.