మూలకథ, శాఖాకథలు: పల్నాటి వీరుల కథ నుంచి టెలివిజన్ దాకా

ఒక టెలివిజన్ కార్యక్రమానికి ఆదరణ దొరికినప్పుడు, అందులోని ఒక పాత్రనో ఒక భాగాన్నో విడదీసి మరో కార్యక్రమంగా నడపడాన్ని ‘స్పిన్-ఆఫ్’ అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. ఈ పాఠంలో మనం ‘శాఖాకథ’ అందాం. ఇది టీవీ వ్యాపారం కనిపెట్టిన ఉపాయమని అనుకునేవారు ఎక్కువ. కారెంపూడి తిరునాళ్ల చూసిన విద్యార్థి మాత్రం ఆ మాటను అంత తేలికగా ఒప్పుకోడు.

ఈ పాఠంలో మనకు కావలసిన ప్రశ్న ఒక్కటే. శాఖాకథ దేనికి సాక్ష్యం? తాను చెప్పే సంఘటనకా, లేక తనను కోరి పుట్టించుకున్న శ్రోతలకా? పరీక్షలో జవాబు రాసేటప్పుడు చాలామంది తడబడేది ఇక్కడే.

టెలివిజన్‌లో శాఖలు

ముందుగా అందరూ చెప్పే అమెరికా ఉదాహరణ చూద్దాం. ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’ అనే హాస్య ధారావాహిక 1971లో మొదలైంది. నోటి దురుసు, జాతి దురభిమానం ఉన్న ఒక తెల్లజాతి కుటుంబ యజమాని దాని నాయకుడు. అతని భార్యకు బంధువైన స్త్రీ పాత్రతో 1972లో ‘మాడ్’ వచ్చింది. ఆమె ఇంటి పనిమనిషి పాత్రతో 1974లో ‘గుడ్ టైమ్స్’ వచ్చింది. పక్కింటి నల్లజాతి దంపతులతో 1975లో ‘ది జెఫర్సన్స్’ వచ్చింది. ఈ చివరిది 1985 వరకు, అంటే పదకొండు సీజన్లు నడిచింది. మూల ధారావాహిక 1979లోనే, తొమ్మిది సీజన్లతో ముగిసింది. కొమ్మ మానుకంటే ఎక్కువ కాలం బతికిందన్నమాట. మూలకథలో పక్కింటివారుగా ఉండిపోయినవారు తమ కథలో ఇంటి యజమానులయ్యారు.

మన దేశంలో ఇంతకంటే గట్టి ఉదాహరణ ఉంది. రామానంద్ సాగర్ ‘రామాయణ్’ 1987 జనవరి నుంచి 1988 జూలై వరకు దూరదర్శన్‌లో ప్రసారమై, పట్టాభిషేకంతో ముగిసింది. వాల్మీకిని తమ ఆరాధ్యుడిగా కొలిచే పారిశుధ్య కార్మికులు ఉత్తర భారతంలోని పలు పట్టణాల్లో సమ్మెకు దిగారు. ఉత్తరకాండ లేకపోతే వాల్మీకి ఆశ్రమం తెరపైకి రాదన్నది వారి బాధ. తరువాత ‘లవ్ కుశ్’ ప్రసారమైంది. (1934లోనూ 1963లోనూ ‘లవకుశ’ చూసిన తెలుగువారికి ఇందులో కథాపరంగా కొత్త ఏమీ లేదు. కొత్తదనమంతా దానిని అడిగిన తీరులో ఉంది.)

తెలుగు టీవీలో శాఖలు చాలావరకు వేరే కారణంతో పుట్టాయి. ఈటీవీలో 2013లో మొదలైన ‘జబర్దస్త్’కు మరుసటి ఏడాదే ‘ఎక్స్‌ట్రా జబర్దస్త్’ తోడైంది. అప్పట్లో ఒకటి గురువారం, రెండోది శుక్రవారం వచ్చేవి. ఇక్కడ మాట దక్కనివారికి మాట ఇవ్వడమనే ఉద్దేశం లేదు. ప్రకటనలు అమ్ముకోగలిగిన మరో రాత్రి దొరికింది, అంతే. అందులో తప్పు పట్టవలసిందీ లేదు. కాని ఈ రెండు రకాల శాఖలను ఒకే గాటన కట్టకూడదు.

పల్నాటి మాను, కొమ్మలు

ఇప్పుడు పల్నాడుకు వద్దాం. పన్నెండో శతాబ్దం ఉత్తరార్ధంలో గురజాలలో నలగామరాజు, మాచర్లలో అతని సవతి సోదరుడు మలిదేవరాజు రాజ్యం కోసం పోరాడారు. నలగాముని పక్షాన నాయకురాలు నాగమ్మ, మలిదేవుని పక్షాన బ్రహ్మనాయుడు మంత్రాంగం నడిపారు. కోడిపందెంలో ఓడిన మాచర్లవారు అరణ్యవాసానికి వెళ్లారు. గడువు తీరినా రాజ్యం తిరిగి రాకపోవడంతో నాగులేరు ఒడ్డున కారెంపూడిలో యుద్ధం జరిగింది. 1182 ప్రాంతమని సాధారణంగా చెబుతారు. మూలకథ ఇంతే.

ఈ మానుకు ఎన్ని కొమ్మలు వేశాయో చూడండి. రాయబారిగా వెళ్లి చర్లగుడిపాడు దగ్గర విషప్రయోగానికి బలైన అలరాజు ఒక కథ. అతని భార్య, నలగాముని కూతురు, పేరిందేవి దుఃఖం మరో కథ. తండ్రి ఒక పక్షం, మగడు ఒక పక్షమైన ఆడపడుచు ఆమె. బ్రహ్మనాయుని కొడుకు బాలచంద్రుడు, తల్లి ఐతాంబ, భార్య మాంచాల కలిసి ఒక పెద్ద కథ. బ్రహ్మనాయుడు కొడుకుగా చేరదీసిన మాల కన్నమదాసు ఇంకొక కథ.

వీటిని పాడేవారు వీరవిద్యవంతులు. కార్తిక అమావాస్య నుంచి కారెంపూడిలో ఐదు రోజులు జరిగే వీరుల ఉత్సవం కూడా భాగాలుగా విడదీసిన కథే: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. నేటి ధారావాహిక భాషలో ఐదు భాగాలు, ఏటా పునఃప్రసారం! అయితే ఇక్కడ ప్రేక్షకుడు కూర్చుని చూడడు. వీరుల ఆయుధాలకు మొక్కుతాడు.

కథ పల్నాడు దాటి త్వరగానే బయటికి పోయింది. వినుకొండ వల్లభరాయని పేరున ఉన్న ‘క్రీడాభిరామం’ ఓరుగల్లు వీధిలో ఒక స్త్రీ పల్నాటి వీరుల కథ పాడడాన్ని వర్ణిస్తుంది. శ్రీనాథుని ద్విపదగా ప్రసిద్ధమైన కావ్యంలో మనం ఎక్కువగా చదివేది బాలచంద్రుని యుద్ధ భాగమే. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దీనిని అచ్చు వేయించారు. 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’ చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడు. ఇలా కావ్యం, అచ్చు, సినిమా ఒకే కొమ్మను పెంచుకుంటూ వచ్చాయి. కథ చివర్లో యుద్ధానికి దిగే కుర్రవాడు చాలామంది దృష్టిలో కథానాయకుడయ్యాడు. రెండు రాజకుటుంబాల మధ్య భూమి తగాదా నేపథ్యంలోకి జరిగిపోయింది. జెఫర్సన్‌లకు జరిగింది ఇక్కడ కొన్ని శతాబ్దాల ముందే జరిగింది.

కన్నమదాసు కొమ్మ పెరిగిన తీరు వేరు. దానిని నిలబెట్టింది ప్రధానంగా పాటగాళ్లూ ఉత్సవమూ. కులభేదం లేకుండా ఒకే చాపపై కూర్చుని తిన్నారని చెప్పే చాపకూడును మందపోరు నాడు నేటికీ ఆచరిస్తారు. దీన్ని ఆధారంగా తీసుకుని ‘1182 నాటికే పల్నాడులో కులసమానత్వం ఉండేది’ అని వాక్యం రాసేస్తే అది చరిత్ర కాదు. కథ ఆ కాలానికి సమకాలిక సాక్ష్యం కాదు కనుక అంత దూరం పోలేము. అలాగని ‘అదంతా కట్టుకథ’ అని కొట్టేయడం మరింత తప్పు. ఒక మాల వీరుణ్ణి బ్రాహ్మణ వీరుడైన అనపోతురాజు పక్కన నిలిపి చెప్పే కథను తరతరాలుగా కోరుకున్న జనం ఉన్నారు, దాన్ని బతికించుకున్నారు. ఇది గట్టి చారిత్రక సత్యం. 1988లో సమ్మె చేసిన కార్మికుల కోరిక కూడా ఈ జాతిదే.

కొమ్మ వేయని చోటునూ గమనించాలి. పల్నాడులో మంత్రాంగం నడిపిన స్త్రీ నాగమ్మ. కారెంపూడి ఐదు రోజుల్లో ఆమె పేరున ఒక రోజు లేదు. వీరపూజ గెలిచినవారిది కాకపోవచ్చు గాని, అది కచ్చితంగా ఒక పక్షానిది. ఆమెకు చోటిచ్చింది సినిమా. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి ఆ పాత్ర ధరించారు. అంతటి నటీమణులు వేసిన పాత్రను ఉత్త దుష్టపాత్రగా చూసి ఊరుకోవడం ప్రేక్షకుడికి కష్టం. నా దృష్టిలో ఆమె పక్షాన ఆలోచించే అవకాశం తెలుగువారికి అక్కడే తెరుచుకుంది.

అభ్యాసం

మీ ప్రాంతంలో పాడే వీరగాథనో, మీ ఇంట్లో చూసే ధారావాహికనో ఒకటి ఎంచుకోండి. అందులోంచి విడివడిన ఒక శాఖను గుర్తించి మూడు విషయాలు రాయండి: దాన్ని ఎవరు అడిగారు, ఖర్చు ఎవరు భరించారు, ఏ రోజున ఎవరి ఎదుట చెబుతారు. పాటగాళ్లు దొరికితే, ఏ భాగం పాడమని జనం ఎక్కువగా అడుగుతారో, ఏ భాగాన్ని అడగడం మానేశారో వారినే అడిగి రాసుకోండి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబును ప్రత్యేకంగా భద్రపరచండి.