కాంక్రీటు గోడకు గంటల లెక్క

1914 డిసెంబరు 9వ తేదీ సాయంకాలము, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున వెస్ట్ ఆరెంజ్‌లో థామస్ ఎడిసన్ కర్మాగారములకు నిప్పంటుకొన్నది. ఎడిసన్ స్వయముగా సిమెంటు తయారు చేయించి అమ్మినవాడు. అచ్చటి పెద్ద భవనములను కాంక్రీటుతోనే కట్టించెను. నిప్పునకు లొంగవని పేరుపొందిన ఆ భవనములలోని సరుకు, యంత్రములు, కలప చాలవరకు కాలిపోయినవి. గోడలు, స్తంభములు మాత్రము అనేకము నిలిచియుండెను. మంట గోడను చీల్చుకొని రాలేదు, కిటికీలగుండా వచ్చినది.

కాంక్రీటునకు ఆ పేరు ఊరక రాలేదు. 1902లో అదే రాష్ట్రములోని బెయోన్ పట్టణమున, ఎర్నెస్టు రాన్సమ్ కట్టిన బోరాక్సు కర్మాగారము తగులబడినది. దాని నంటియున్న ఉక్కు కట్టడము మెలిదిరిగి కూలినది. కాంక్రీటు భవనము నిలిచినది. చూచినవారు దానిని ‘అగ్నికి అభేద్యము’ అనిరి. ఈ మాటయే చిక్కు తెచ్చినది. ఎంత వేడికి, ఎంతసేపు అభేద్యము?

కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఐరా వూల్సన్ మొదలగువారు గోడలను, నేలలను కట్టి, వాటిని కొలిమిలో కాల్చి చూచిరి. 1918లో అమెరికా పదార్థపరీక్షా సంఘము ఒక ప్రామాణిక పరీక్షను ఆమోదించెను. కొలిమి వేడి ఒక గంటకు సుమారు 927, నాలుగు గంటలకు సుమారు 1093 సెంటీగ్రేడు డిగ్రీలకు చేరవలెను. నేటి పరీక్షలలో, గోడ అవతలి ముఖపు వేడి మొదట ఉన్నదానికంటె సగటున సుమారు 140 డిగ్రీలకు మించి పెరుగరాదు. అంతవరకు పట్టిన కాలమే ఆ గోడ యోగ్యత.

గోడ ఇంతసేపు ఓర్చుకొనుటకు కారణము కొంతవరకు నీరే. గట్టిపడిన సిమెంటులో నీరు దాగియుండును. అది ఆవిరి యగుటకే చాల వేడి ఖర్చగును. ఆలోపల అవతలి ముఖము చల్లగానే ఉండును. లోపలి ఉక్కు చువ్వలకు కూడ కాంక్రీటు పొరయే కవచము. సుమారు 550 డిగ్రీల వద్ద ఉక్కు బలము దాదాపు సగమునకు పడిపోవును.

ఇక మందము సంగతి. సిలికా జాతి కంకరతో పోసిన గోడ సుమారు 9 సెంటీమీటర్ల మందమున్నచో ఒక గంట నిలుచును. మందము రెట్టింపు చేసి 18 సెంటీమీటర్లు పోసినచో రెండు గంటలు కాదు, నాలుగు గంటలు నిలుచును. వేడి ఘనపదార్థము గుండా అవతలికి ప్రాకుటకు పట్టు కాలము, దాదాపు మందముయొక్క వర్గమునకు అనులోమానుపాతములో నుండుటయే దీనికి కారణము.