గీకుల రచ్చబండ

"కోడ్‌కి కులం లేదు మేడం." గత రెండేళ్ళలో ఈ మాట నాతో కనీసం పదిమంది అనుంటారు. అందరూ మంచివాళ్ళే. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటూ, ఆదివారం వస్తే ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని ఏ కాఫీ షాపుకో, సెలవు రోజు ఖాళీగా ఉన్న ఏ ఆఫీసు హాలుకో పోయి తమలాంటి వాళ్ళను కలుసుకునేవాళ్ళు. అక్కడ ఏ ఊరు, ఎవరి పిల్లలు అని అడగరట. ఏం చేయగలవో అదొక్కటే అడుగుతారట.

నేను తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని. కోడ్ గురించి నేను చెప్పగలిగేది తక్కువ. కానీ ఒక మాట ఎక్కడ పుట్టిందో, ఎవరి నోట నలిగిందో, చివరికి ఎవరింట్లో స్థిరపడిందో వెతకడం నా పని. ఈ వారం 'గీక్' అనే మాట వెంట పోదాం.

ఇది మొదట తిట్టు. జర్మన్ మాండలికాల్లో వెర్రివాడు అనే అర్థమున్న ఒక పాత మాటకి ఇది చుట్టం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఊరూరా తిరిగే తిరునాళ్ళ ప్రదర్శనల్లో, బతికున్న కోడి తలని పళ్ళతో కొరికి చూపించే మనిషిని గీక్ అనేవాళ్ళు. ఆ ప్రదర్శనల్లో అంతకంటే కింది మెట్టు లేదు. తాగుడుకు బానిసై, మరే దారీ లేనివాడు దిగే పని అది. 1946లో విలియం లిండ్సే గ్రెషమ్ రాసిన 'నైట్‌మేర్ ఆలీ' అనే నవల ఈ మాటని దేశమంతా తెలిసేలా చేసింది. తర్వాత అది బడుల్లోకి వచ్చింది. ఆటలు రాని, నలుగురిలో మాట్లాడలేని, పుస్తకాలూ తీగలూ పట్టుకు వేలాడే పిల్లవాణ్ణి ఏడిపించే మాటయింది. ఆ తర్వాత కంప్యూటర్లొచ్చాయి, జీతాలొచ్చాయి. ఇప్పుడు చొక్కాల మీద అచ్చు వేయించుకుంటున్నారు.

తిట్టుని తీసి తలపాగా చుట్టుకోవడం మనకు తెలియని విద్య కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలయ్యాక ఎంతమంది తమ పేరు చివర మాదిగ అని గర్వంగా రాసుకున్నారో చూశాం. అయితే ఒక తేడా ఉంది. గీక్ అన్న తిట్టు జీతం పెరిగేకొద్దీ అరిగిపోయింది. మన పేరుకి ఆ వెసులుబాటు లేదు. సిలికాన్ వ్యాలీలో ఇల్లు కొన్నా అది వెంటే వస్తుంది. ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

ఈ గీకుల గుంపుల కథని చాలామంది బోస్టన్ పక్కనున్న ఎం.ఐ.టి.లో మొదలుపెడతారు. అక్కడ 1946లో పుట్టిన బొమ్మ రైళ్ళ క్లబ్బు ఒకటుంది. పట్టాల కింద స్విచ్చులతో, తీగలతో కుస్తీ పట్టిన కుర్రాళ్ళే యాభైల చివర్లో, అరవైల మొదట్లో రాత్రిళ్ళు కంప్యూటర్ల ముందు చేరారు. 'హ్యాకర్' అనే మాట ఆ క్లబ్బు వాడకంలోదే. స్టీవెన్ లెవీ 1984లో 'హ్యాకర్స్' అనే పుస్తకంలో వీళ్ళ నీతిసూత్రాలను రాశాడు. వాటిలో ఒకటి మన సాఫ్ట్‌వేర్ మిత్రులు చెప్పేదే. మనిషిని వాడి పనితో కొలవాలి. డిగ్రీతో, వయసుతో, జాతితో, హోదాతో కాదు.

ఈ సూత్రానికి ఆ పుస్తకంలో కనిపించే గొప్ప ఉదాహరణ పీటర్ డాయిచ్. పన్నెండేళ్ళ పిల్లవాడు. వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటే పెద్దవాళ్ళు వయసు చూడకుండా తమలో కలుపుకున్నారు. చదివితే నిజంగానే ముచ్చటేస్తుంది. కానీ ఆ పిల్లవాడు ఆ భవనం దాకా ఎలా వచ్చాడు? వాళ్ళ నాన్న ఎం.ఐ.టి.లో ఫిజిక్స్ ప్రొఫెసర్. అదే నగరంలో నల్లవాళ్ళ పేటలో పుట్టిన పన్నెండేళ్ళ పిల్లని ఎవరూ గెంటేయలేదు, నిజమే. గెంటాల్సిన అవసరమే రాలేదు. ఆ గుంపులో ఆడవాళ్ళు దాదాపు లేరని లెవీ కూడా ఒప్పుకున్నాడు.

రెండో మజిలీ కాలిఫోర్నియా. 1975 మార్చి 5న మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఇంజనీరు కారు షెడ్డులో 32 మంది చేరారు. ఆల్టెయిర్ అనే, ఇంట్లో బిగించుకునే కంప్యూటర్ అప్పుడే బజారులోకి వచ్చింది. దాన్ని చూడ్డానికి వచ్చారు. పిలిచినవాళ్ళలో రెండోవాడు ఫ్రెడ్ మూర్, యుద్ధ వ్యతిరేక ఉద్యమకారుడు. అందుకే ఆ క్లబ్బులో తెలిసింది పదిమందికీ పంచాలనే ఆదర్శం మొదట్నించీ ఉంది. హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ అంటే అదే. స్టీవ్ వోజ్నియాక్ తన ఆపిల్ బోర్డును తీసుకొచ్చి చూపించింది వీళ్ళకే. సభ్యత్వానికి అర్హతల్లేవు, తలుపు దగ్గర కాపలా లేదు.

ఆ క్లబ్బులో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది నల్లజాతి సభ్యుల్లో ఒకాయన గురించి చెప్పాలి. పేరు జెర్రీ లాసన్. వీడియో గేమ్‌ని క్యాసెట్‌లాగా తీసి మార్చుకునే వీలున్న మొదటి యంత్రం, 1976లో వచ్చిన ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్, ఆయన నాయకత్వంలో తయారైంది. న్యూయార్క్‌లో పుట్టి పెరిగాడు. నాన్న ఓడరేవు కూలీ. తాత ఫిజిక్స్ చదివాడు గానీ ఆ చదువుకి తగ్గ పని దొరక్క పోస్టుమాస్టరుగా బతికాడు. ఈ వాక్యం చదివినప్పుడు మన పేటల్లో ఎంతమంది తాతలు గుర్తొస్తారో! ఒకటో తరగతిలో టీచరమ్మ ఆయన బల్ల పక్కన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ బొమ్మ పెట్టి, నువ్వూ ఇలా కావచ్చు అందట.

లాసన్ చెప్పుకున్న ఇంకో సంగతి నాకు ఎంతో ఇష్టం. పదమూడేళ్ళప్పుడు ఇంట్లో హామ్ రేడియో స్టేషన్ పెట్టుకోవాలనుకున్నాడు. వాళ్ళుండేది ప్రభుత్వం కట్టిన పేదల క్వార్టర్సు. అక్కడి అధికారులు సంతకం పెట్టమన్నారు. పిల్లవాడు నిబంధనల పుస్తకాలు తిరగేశాడు. ఫెడరల్ క్వార్టర్సులో ఉండేవాళ్ళకు ఆ సంతకమే అక్కర్లేదని రాసుంది. పరీక్ష పాసై, లైసెన్సు తెచ్చుకుని, తన గదిలోనే స్టేషన్ బిగించుకున్నాడు. మనిషి కాదన్నది కాగితం మీద దొరికింది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

పెద్దయ్యాక కూడా కొందరు ఆయన్ని చూసి నివ్వెరపోయేవాళ్ళట. ముందు గొంతు వినివుంటే మరీనూ. నల్లవాళ్ళ గొంతు ఇలా ఉంటుందని వాళ్ళకొక లెక్క మరి. 2009 నాటి ఇంటర్వ్యూలో ఈ మాట నవ్వుతాలుగానే చెప్పాడు. గేమ్ డెవలపర్ల సంఘం ఆయన్ని మార్గదర్శకుడని సత్కరించింది 2011 మార్చిలో. ఏప్రిల్‌లో పోయాడు.

మన ఊళ్ళ రచ్చబండకి ఎవరైనా గేటు పెట్టారా? లేదు. సభ్యత్వ రుసుము లేదు, బోర్డు లేదు. చెట్టు కింద రాయి, ఎవరైనా కూర్చోవచ్చు. మా తాతకి మాత్రం ఎంత దూరంలో నిలబడాలో ఎవరూ చెప్పకుండానే తెలుసు. రాయని నియమాన్ని చదవడానికి అక్షరాలు అక్కర్లేదు. జో ఫ్రీమన్ అనే అమెరికన్ స్త్రీవాది 1970ల మొదట్లోనే ఈ సంగతి మీద పెద్ద వ్యాసం రాసింది. మాకు నాయకుల్లేరు, నియమాల్లేవు అని గర్వపడే గుంపుల్లో పెత్తనం ముందే పరిచయమున్న స్నేహితుల చేతుల్లో ఉంటుందని, అది పైకి కనపడదు కాబట్టి నిలదీయడం కూడా కుదరదని ఆమె వాదన. ఆమె రాసింది ఆడవాళ్ళ సంఘాల గురించి. నాకు మాత్రం ఊరి మధ్య ఉన్న ఆ రాయి కనిపించింది.

గీకులకి ఈ లోపం అసలు తట్టలేదని కాదు. టిమ్ ఓరైలీ అనే ప్రచురణకర్త 2003 నుంచి ఆహ్వానితులతో మాత్రమే ఫూ క్యాంప్ అనే కూటమి జరిపేవాడు. పిలుపు రానివాళ్ళు 2005 ఆగస్టులో పాలో ఆల్టోలో బార్‌క్యాంప్ పెట్టుకున్నారు. ఎవరైనా రావచ్చు, ప్రేక్షకులుండరు, మొదటిసారి వచ్చినవాళ్ళు తప్పనిసరిగా మాట్లాడాలి. చాలా మంచి నియమమిది. 2006 కల్లా ఢిల్లీ, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లోనూ బార్‌క్యాంపులు జరిగాయి. ఈనాటి ఆదివారం కూటములు చాలావరకు ఆ తీగకి కాసినవే.

కానీ మాట్లాడాలంటే ఏ భాషలో? ఏ ధైర్యంతో? మా కాలేజీలో బి.కాం. కంప్యూటర్స్ చదివే అమ్మాయి ఒకతె, సాంఘిక సంక్షేమ హాస్టల్లో పెరిగిన పిల్ల, కిందటేడు హైదరాబాద్‌లో ఇలాంటి ఒక కూటమికి వెళ్ళింది. పరిచయాల దగ్గర, మొహమాటం పోవడానికని, అందరినీ ఒక సరదా ప్రశ్న అడిగారట. మొదటిసారి కంప్యూటర్ ముట్టుకున్నది ఏ వయసులో? ఒకరు ఐదేళ్ళకన్నారు, నాన్న ఆఫీసు నుంచి తెచ్చింది. ఒకరు ఏడేళ్ళకి, అమెరికా నుంచి మామయ్య పంపింది. ఈమె వంతు వచ్చింది. "డిగ్రీ ఫస్టియర్, ల్యాబ్‌లో, ముగ్గురికి ఒకటి" అంది. ఎవరూ ఎగతాళి చేయలేదు. ఒకబ్బాయి "గ్రేట్" అన్నాడట, జాలిగా. భోజనాల దగ్గర ఇంకొకరు ఎంసెట్ రాశావా, ర్యాంకెంత అని అడిగారు. ఈ ప్రశ్న వెనక ఏ ప్రశ్న ఉందో తెలుగువాళ్ళకి నేను విడమరచి చెప్పాలా? ఆ పిల్ల నాతో అన్నది ఒకటే. "ముట్టుకోవడం అనే మాటే వాడారు మేడం."

చిన్నప్పటి కంప్యూటర్ మీద ప్రేమే తెలివికి గుర్తు అనే ఈ నమ్మకాన్ని ఒక విశ్వవిద్యాలయం పరీక్షించి చూసింది. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌లో కంప్యూటర్ సైన్సులో చేరే ఆడపిల్లలు 1995లో 7 శాతం. జేన్ మార్గోలిస్, అలెన్ ఫిషర్ ఏళ్ళ తరబడి విద్యార్థులతో మాట్లాడారు. రాత్రీపగలూ స్క్రీనుకి అతుక్కుపోయేవాడే అసలైనవాడు అన్న బొమ్మ ముందు, ఆడపిల్లలు మార్కులు బాగా వస్తున్నా తాము ఇక్కడి వాళ్ళం కాదనుకుని వెళ్ళిపోతున్నారని తేలింది. ఆ బొమ్మకి సరిపోని మగపిల్లలూ బోలెడుమంది ఉన్నారు గానీ వాళ్ళని ఎవరూ అనుమానించలేదు. ప్రవేశాల్లో ముందస్తు ప్రోగ్రామింగ్ అనుభవానికిచ్చే బరువు తగ్గించారు, కొత్తవాళ్ళకి వేరే మెట్టు నుంచి మొదలయ్యే తరగతులు పెట్టారు. 2000 నాటికి 42 శాతం. ఐదేళ్ళలో ఆడపిల్లల మెదళ్ళేమీ మారలేదు కదా!

ఇక కులం. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. దళిత ఇంజనీరు ఒకాయన ఐఐటీలో రిజర్వేషన్‌తో చేరాడని పై అధికారి తోటివాళ్ళకి చెప్పాడన్నది అందులో ఒక ఆరోపణ. కంపెనీ కాదంది. ఆ ఇద్దరు అధికారుల మీద కేసును 2023లో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. తీర్పుల సంగతి అలా ఉంచండి. ఐఐటీ ర్యాంకు జాబితా మహాసముద్రం దాటి, ఇరవయ్యేళ్ళ తర్వాత కూడా, ఒక మనిషి చేసిన పనికంటే ముందు నడిచిందన్న ఆరోపణే నన్ను ఆపింది. కేసు వేసిన 2020లోనే, అక్టోబరులో అమెరికా టెక్ కంపెనీల్లో పనిచేసే 30 మంది దళిత మహిళా ఇంజనీర్లు పేర్లు బయటపెట్టకుండా ఒక ప్రకటన ఇచ్చారు. పేర్లు ఎందుకు పెట్టలేదో ఆలోచించండి. అక్కడ మనవాళ్ళు చెప్పే అనుభవాల్లో వీపు తట్టడం ఒకటి. అభినందిస్తున్నట్టు భుజం మీద చెయ్యేసి, చొక్కా కింద జంధ్యం తగులుతుందేమో చూస్తారు. ఇది మీటింగు గదిలో జరిగేది కాదు. టీ దగ్గర, పార్టీ దగ్గర, కారు ఎక్కేటప్పుడు జరుగుతుంది. ఏ నియమమూ లేని చోటే కులానికి తీరిక.

అందుకే రాసి పెట్టమంటున్నాను. 2011లో వాలెరీ అరోరా, మేరీ గార్డినర్ మొదలుపెట్టిన ఏడా ఇనీషియేటివ్ టెక్ సభలకి వేధింపుల వ్యతిరేక నియమావళి కావాలని పోరాడినప్పుడు, మేమంతా స్నేహితులం, ఇవన్నీ ఎందుకు అన్నవాళ్ళే ఎక్కువ. మెల్లగా ఒక్కో సభా రాసుకుంది. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు ఎక్కువగా వాడుకునే నియమావళి కంట్రిబ్యూటర్ కవనెంట్. దాని 2.0 రూపంలో జాతి ఉంది, మతం ఉంది, కులం లేదు. 2.1లో జాతి పక్కన కులం అన్న మాట చేరింది. ఒక్క మాట. లాసన్‌కి దొరికిన కాగితంలాంటిదే అది. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షని చట్టంతో నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ కూడా బిల్లు పాస్ చేసింది గానీ, ఉన్న చట్టాల్లోనే ఇది వస్తుందంటూ గవర్నర్ అక్టోబరులో తిప్పి పంపాడు. రచ్చబండ అందరిదీ, మళ్ళీ వేరే చెప్పడమెందుకు అన్నట్టే ఉంది కదూ.

బెంగళూరులో ఒక మురికివాడలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు నడిపిన కంప్యూటర్ కేంద్రానికి అంబేడ్కర్ పేరుంది. అక్కడి యంత్రాలు దానంగా వచ్చిన పాతవి, చేరిన పిల్లలు ఆ వాడ పిల్లలే. గీకులు పిల్లల్ని తమ చోటికి రమ్మనలేదు, తామే పిల్లలుండే చోటికి పోయారు. మా అమ్మాయి ఇప్పుడు హాస్టల్లో అలాంటి ఆదివారం ఒకటి పెట్టాలంటోంది. వార్డెన్ గారు గది ఇస్తానన్నారు, రెండు పాత కంప్యూటర్లు దొరికాయి, ఇంకో మూడు కావాలి. మీ ఇళ్ళలో అటక మీద ఉంటే చెప్పండి. నియమాల కాగితం పిల్లలే రాస్తున్నారు. మొదటిది రాసేశారు: ర్యాంకు అడగరాదు.

జై భీమ్.